నొస్తే చెయ్యెత్తక్కా

నోరు తెరిచి ఉంచడం ఇంత కష్టమని మహేశ్వరికి ఇన్నాళ్ళూ తెలియదు, మూసుకుని ఉండటమే అలవాటైన నోరు కదా. పెదవుల్ని రెండు పక్కలకూ లాగి పట్టే ప్లాస్టిక్ చట్రం ఒకటి తగిలించారు, చెంపల సందున దూది చుట్టలు కుక్కారు, కింది పెదవి మీదుగా ఉమ్మి పీల్చే గొట్టం వేలాడదీశారు, అది పాలు కుడిచే దూడలాగా ఒకటే చప్పుడు. నెత్తిమీద దీపం. దీపం వెనక డాక్టరమ్మ మధులత కళ్ళు మాత్రమే, మిగతా మొహమంతా మాస్కు. రాయచోటి పిల్లట, కర్నూల్లో బళ్ళారి చౌరస్తా దగ్గర ఈ ఆస్పత్రి పెట్టి ఎంతో కాలం కాలేదట. ఈ సంగతులన్నీ అడిగి తెలుసుకున్నది మహేశ్వరి కాదు, తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న మొగుడు రంగనాథ్. అడగటం ఆయన పని, జవాబు చెప్పటమూ ఆయన పనే. "నొస్తే ఎడమ చెయ్యి ఎత్తక్కా, ఎంటనే ఆపేస్తా. మాట్లాడొద్దు, తల కదిలించొద్దు," అని డాక్టరమ్మ చెప్పినప్పుడు మహేశ్వరికి నవ్వొచ్చింది. మాట్లాడొద్దనే మాట కొత్తా? సర్పంచి అయినప్పటి నుంచీ విన్నదే. కోడుమూరు మండలాఫీసు నుంచి ఫోనొస్తే, "ఆ, సర్పంచినే మాట్లాడతాండా, చెప్పండి సార్" అంటాడు రంగనాథ్ మీసం దువ్వుకుంటూ, అవతలి ఆఫీసరుకు ఆ గొంతులో తేడా తెలియదు, సీటు ఆడవాళ్ళకని పైవాళ్ళు రాశారు గాని కుర్చీలో ఎవరు కూర్చోవాలో రాయలేదు మరి. ఊళ్ళో ఆమెకు మంచి పేరే ఉంది, నోట్లో నాలుక లేని మనిషని. మాట్లాడొద్దన్నది పాతమాటే, కొత్తది ఆ ఎడమ చెయ్యి ఒక్కటే. నొస్తే ఏం చెయ్యాలో ఇంతవరకు ఆమెకు ఎవరూ చెప్పలేదు.

డాక్టరమ్మ మొదట ఆమెనే అడిగింది, అది మర్చిపోకూడదు. "నీకిష్టమేనా అక్కా? పైపొర కొంచెం అరగదీసి తెల్లపూత అంటించాల. అరగదీసింది మళ్ళా రాదు." మహేశ్వరి గొంతు సవరించుకునేలోపలే, "దాని ఇష్టందేముంది మేడం, నేను చెప్తాండా గదా. పైన ఆరు పండ్లు. నవ్వితే తెల్లగా కనపడాల," అన్నాడు రంగనాథ్. ఆ పిల్ల తగ్గలేదు. "గార పండ్లకు బంక సరిగ్గా పట్టదన్నా. ఫ్లోరైడు తాగిన పన్ను మొండిది. ఎన్నేండ్లుంటాదో నేను చెప్పలేను." "ఏండ్లేంటికి మేడం? రేపు సాయంత్రం దాకా నిలబడితే చాలు," అని నవ్వాడాయన, ఆయన పళ్ళు తెల్లనివి, తుంగభద్ర నీళ్ళు తాగి పెరిగిన పళ్ళు, చిన్నప్పుడే కర్నూలు హాస్టల్లో వేశారు కదా మగపిల్లవాడని.

రేపు సాయంత్రం దాకా. రేపు ఆదివారం, నీళ్ళ ఆఫీసర్లు ఊరికి వస్తారు. నది నీళ్ళు పైపులేసి తెస్తారట, ఫ్లోరైడు ఉన్న ఊళ్ళకు ముందు, లేని ఊళ్ళకు ఎప్పుడో. మీ ఊళ్ళో ఉందా లేదా అని చూసుకుని పోవడానికి వస్తున్నారు. పైపు వస్తే రంగనాథ్ నీళ్ళ క్యాన్లు ఎవరు కొంటారు? ఊరి చివర షెడ్డు, అందులో మిషను, పొద్దున్నే హారను కొట్టుకుంటూ ఇంటింటికీ తిరిగే ఆటో, అన్నీ మూలన పడతాయి. అందుకని ఆయన రేపు ఆఫీసర్లకు ఏం చెప్పబోతున్నాడో రాత్రే అద్దం ముందు నిలబడి చెప్పుకున్నాడు, మహేశ్వరి మంచం మీదనుంచి విన్నది. మా నీళ్ళకేం రోగం సార్, ఎవరో గిట్టనివాళ్ళు అర్జీ పెట్టినారు, ఈ ఊళ్ళోనే పుట్టి ఈ బోరు నీళ్ళే తాగి పెరిగిన మనిషి మా సర్పంచమ్మ, ఏదీ నవ్వుమ్మే, చూడండి సార్ పండ్లు. ఆదివారం కాబట్టి బడికి తాళం, పిల్లల నోళ్ళు చూడమని అడిగేవాడు ఉండడు. ఎంత బాగా ఆలోచించాడు! ఇంత తెలివి మంచినీళ్ళ కోసం పెట్టి ఉంటే ఊరు ఎప్పుడో బాగుపడేది.

పన్ను అరగదీసే మరకాయి తిరగడం మొదలైంది. సన్నటి మరకాయి, పన్ను మీద ఆనగానే పుర్రె అంతా గిర్రుమంది, పిండిమర దగ్గర నిలబడినట్టు, కాలిన వాసన, తన పన్నే కాలుతున్న వాసన. ఈ గోధుమరంగు చారలు చిన్నప్పుడు చారలని తెలియదు, అందరికీ ఉండేవి కాబట్టి పళ్ళంటే అవే అనుకునేది. కర్నూలు నుంచి సెలవులకు వచ్చిన రంగనాథ్ మామ నవ్వితేనే తెలిసింది పళ్ళు వేరే రంగులోనూ ఉంటాయని. అమ్మకు సొంత తమ్ముడు, తనకు మేనమామ, ఆ తెల్లటి నవ్వు చూసే కదా పెళ్ళికి ఒప్పుకుని సంబరపడింది, ఎవరినని ఏం లాభం. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, లేకుంటే కొంగు. ఎవరూ నేర్పరు, అన్నం కలుపుకోవడం వచ్చినట్టు వచ్చేస్తుంది. బయటి ఊళ్ళనుంచి వచ్చిన చుట్టాలు చూసి, ఈ ఊరి ఆడోళ్ళు శానా మర్యాదస్తులప్పా, అని మెచ్చుకుంటారు. మర్యాద! వాళ్ళ పెళ్ళి ఫోటోలో ముప్పైమంది ఉన్నారు, ఫోటోవాడు నవ్వండి నవ్వండి అని గొంతు చించుకున్నాడు, ఒక్క పెదవీ తెరుచుకోలేదు, మధ్యలో పెళ్ళికొడుకు ఒక్కడే నవ్వుతున్నాడు, సావు ఇంటికి తప్పుదావన వచ్చిన పెళ్ళివాడి మాదిరి. తన కూతురు మాత్రం నోరంతా తెరిచి నవ్వుతుంది, దాన్నీ హాస్టల్లోనే వేశాడు, ఆ ఒక్కటీ మంచిపని చేశాడు, అంటే నీళ్ళ సంగతి ఆయనకు తెలియక కాదు. తెలియకపోతే క్షమించవచ్చు. తెలిసే, తన బిడ్డను తీసి పక్కన పెట్టుకుని, మిగతా ఊరి పిల్లలకు ఆ బోరే వదిలాడు.

పుల్లటి వాసన వచ్చింది. డాక్టరమ్మ నీలిరంగు జిగురేదో మూడు పళ్ళకు పూసింది, నాలుక కొసకు తగిలితే చింతపండు కంటే పులుపు. "యాసిడ్ అక్కా, బయపడొద్దు. మామూలు పన్నుకైతే ఇట్ల పెట్టి అట్ల కడిగేస్తాం. నీకు శానాసేపు ఉంచాల." కడిగింది, గాలి కొట్టి ఆరబెట్టింది, దీపం దగ్గరికి లాక్కుని వంగి చూసింది. "సూస్తివా, ఇంకా మెరుస్తానే ఉండాది. సుద్దముక్క మాదిరి పాలిపోవాల. పాలిపోతేనే ఎనామిల్ మీద సన్న సన్న బొక్కలు పడినట్టు. ఆ బొక్కల్లోకి బంక దిగి గట్టిపడితే ఇంక ఊడదు." మళ్ళీ పూసింది. తన పన్ను మెరవడం మానలేదని వినగానే మహేశ్వరికి ఎందుకో సంతోషం వేసింది. మెతక మనిషని పేరు గాని పళ్ళు మెతకవి కావన్నమాట. పాడుచేసిన నీళ్ళే పన్నును గట్టిపరిచాయి, ఆమ్లానికి కూడా ఒక పట్టాన లొంగటం లేదు. నున్నటి దానికి ఏదీ అంటదని ఆమెకూ తెలుసు. చిన్నప్పుడు అమ్మ పాత గోడకు మట్టి మెత్తాలంటే ముందు కొడవలి కొసతో గోడంతా గాట్లు పెట్టేది, గాట్లు పెట్టని గోడమీద మెత్తితే తెల్లారేసరికి పెళ్ళలు పెళ్ళలుగా కింద పడేది. తుమ్మచెట్టుకు గాటు పెడితేనే బంక కారేది, ఆ బంక ఏరుకొచ్చి చిరిగిన పుస్తకాల అట్టలు అంటించేవాళ్ళు, మిగిలింది చప్పరించేవాళ్ళు. అంటించడానికీ గాటు కావాలి, అంటుకోవడానికీ గాటు కావాలి. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన పెట్టిన గాట్లన్నీ ఇందుకే కాబోలు, తను చెప్పింది చెప్పినట్టు ఈమె మీద నిలబడటానికి. రెండోసారి కడిగి చూసి డాక్టరమ్మ, "ఆ, పాలిపోయింది," అంది. మహేశ్వరికి తన పన్ను ఓడిపోయినట్టనిపించింది. స్టూలు మీదనుంచి రంగనాథ్, "పట్టిందా మేడం?" అని అడిగాడు.

అమ్మ. అమ్మ పేరు గిడ్డమ్మ, ఇప్పుడు నిజంగానే గిడసబారిపోయింది. బోరు నీళ్ళు పళ్ళతో ఆగలేదు, నడుములోకి పోయాయి, మెడలోకి పోయాయి. మెడ తిప్పలేదు, తల ఎత్తలేదు, ఎదుటిమనిషి మొహం చూడాలంటే ఆ మనిషే కింద కూర్చోవాలి. రంగనాథ్ అక్కను చూడటానికి పోతే నిలబడే మాట్లాడతాడు, ఆమె ఆయన చెప్పులతో మాట్లాడుతుంది. ఎత్తుకుని పెంచిన తమ్ముడు. అక్కకు క్యాను ఊరికే ఇస్తాండా అని పదిమందిలో చెప్పుకుంటాడు, ఎముకలు కట్టెలయినాక ఇచ్చే నీళ్ళు దేనికి, ఆమె ఆ క్యాను ముట్టదు, పక్కింటి సుంకమ్మ మనవరాలికి పట్టిస్తుంది, దానికి ఇప్పుడిప్పుడే పాలపళ్ళు ఊడి కొత్తవి మొలుస్తున్నాయి. కొత్తవాటి మీద అప్పుడే సుద్దగీతలు కనపడుతున్నాయి, ఆ గీతలు గారబట్టడానికి ఇంకెన్నాళ్ళు. మహేశ్వరి సర్పంచిగా గెలిచిన రోజు దండలు మెడలో ఉండగానే అమ్మ దగ్గరికి పోయి నేలమీద కూర్చుంది. అమ్మ ఆ మొహం తడిమి ఒక్కటే అడిగింది. "మీ మామను అడగనుమ్మే. నిన్ను అడుగుతాండా. నా నడుము ఎట్లా రాదు. ఆ చిన్నదాని నడుమన్నా నిలబెట్టు." సరేనంది. ఎంత తేలిగ్గా అనేసింది! ఆ సరే అన్న నోరే ఇప్పుడు చట్రం బిగించుకుని, రేపు ఊళ్ళో ఫ్లోరైడు లేదని చెప్పడానికి తయారవుతోంది, అదీ మాటతో కాదు, మాట ఎటూ తనది కాదు, పళ్ళతో.

అబ్బా! ఉన్నట్టుండి నొప్పి, గాలి తగిలిందంతే, సూది దిగినట్టు కణత దాకా పోయింది, కంటి కొసనుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. కోరపన్ను పక్కదానికి గుంట ఉంది, చిన్నప్పుడే పైపొర పెచ్చు లేచిపోయింది. "ఈడ లోపలిది బయటపడిందక్కా," అని డాక్టరమ్మ గాలి ఆపేసి, చిన్న తడిదూదితో అద్దింది. "దీన్ని డెంటిన్ అంటాం. దీని తీరే వేరు. పైపొరను ఎంత ఎండబెడితే అంత గట్టిగా పడతాది బంక. దీన్ని మాత్రం ఎండబెట్టకూడదు. దీంట్లో సన్న పోగులుంటాయి, తడి పోతే అన్నీ వాలిపోయి అణిగిపోతాయి, ఇంక బంక లోపలికి పోనే పోదు. తడి ఉండీ లేనట్టు ఉండాల." నర్సుకు చెబుతోందో తనకు చెబుతోందో, మెల్లగా, బిడ్డకు తలంటుతున్నట్టు ఆ గుంటలో మందు రుద్దుతోంది. మహేశ్వరి కళ్ళు మూసుకుంది. లోపలిదాన్ని ఎండబెట్టకూడదనే సంగతి ఒకటుందని ఎవరైనా ఆయనకు ముందే చెప్పి ఉంటే! చదువుకుంటానంటే నవ్వాడు, మీటింగులో ఒక్కమాట మాట్లాడతానంటే నవ్వాడు, పంచాయతీ పెట్టిన మంచినీళ్ళ మిషను ప్రారంభమైన నెలకే ఆగిపోతే బాగుచేయిద్దామని ఎన్నిసార్లు అడిగిందో అన్నిసార్లూ నవ్వాడు, ఇప్పుడా మిషను షెడ్డులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. అడిగి అడిగి అడగటం మానేసింది. మానేశాక ఆయన అనుకున్నాడు, పెండ్లాము దారికొచ్చిందని. దారికి రాలేదు మామా, వాలిపోయింది. "నొస్తాందా అక్కా? చెయ్యెత్తమంటి గదా," అంటోంది డాక్టరమ్మ. "దానికి శానా ఓపిక మేడం. మీరు కానీండి," అన్నాడు స్టూలు మీదనుంచి. తన ఓపిక సంగతి ఆయనకే తెలిసినట్టు! చెయ్యి ఒళ్ళోంచి లేచిందే గాని గాజులు గలగలమనేసరికి అదే సిగ్గుపడి మళ్ళీ పడిపోయింది.

నీలిదీపం పెట్టారు, చిన్న టార్చిలాంటిది, పన్ను మీద ఆనించి పట్టుకుంటే కీక్ కీక్ అంటోంది, ఆ వెలుగుకు మెత్తటిది రాయవుతుందట. ఒక పొర, దీపం. ఇంకో పొర, దీపం. రంగనాథ్ ఫోను మోగింది. "ఆ, సర్పంచినే... ఆ, షామియానా బడికాడ వద్దప్పా, పంచాయతీ ఆఫీసు ముందర ఏయండి, సార్లను ఊర్లోకి తిప్పొద్దండి, ఎండగా ఉండాదని చెప్పండి... మా అక్కనా? యాయ్, ఆమెను బయటికి రానీయొద్దండప్పా, ఆ నడుం చూసినారంటే..." అంటూ చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయాడు, గొంతు చిన్నదవుతూ చిన్నదవుతూ రోడ్డు రొదలో కలిసిపోయింది. బయటికి రానీయొద్దట. ఎత్తుకుని పెంచిన అక్కను తలుపేసి లోపల పెడతారట, ఆ వంగిన నడుము ఈయన మాటను అబద్ధం చేస్తుందని. ఇక్కడ తన గారను బంక వేసి కప్పుతున్నారు, అక్కడ అమ్మను తలుపు వేసి కప్పుతారు, బడి తాళం పిల్లల్ని కప్పుతుంది, ఊరంతా కప్పేశాక ఆఫీసరు కాఫీ తాగి, బాగుందని రాసుకుని పోతాడు. ఇంకో పదేళ్ళకు సుంకమ్మ మనవరాలు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. బయటివాళ్ళు మర్యాదస్తురాలని మెచ్చుకుంటారు. ఈయన మీద కోపం రావాలి, వచ్చింది, కానీ దాని అడుగున ఇంకో కోపం ఉంది, అది తన మీదే, ఈ కుర్చీ ఎక్కి పొద్దుటి నుంచీ వద్దనకుండా పడుకున్న తన మీద.

"ఈ పక్క మూడూ అయిపాయనక్కా. ఇంక ఆ పక్క." మరకాయి మళ్ళీ గిర్రుమంది, పన్ను దాకా వచ్చింది, ఇంకా తగలలేదు.

ఎడమ చెయ్యి లేచింది. ఈసారి గాజులు గలగలమన్నా దిగలేదు.

మరకాయి ఆగింది. "నొస్తాందా? ఇంకా ముట్టుకోనే లేదే!" డాక్టరమ్మ చట్రం తీసింది, దూది తీసింది, అంతసేపు సాగదీసి ఉంచిన మూతంతా మొద్దుబారి ఎవరి మూతో అన్నట్టుంది. మహేశ్వరి చేత్తోనే అద్దం అడిగింది. అద్దంలో తన నోరు నిలువునా రెండుగా ఉంది. ఒక పక్క మూడు పళ్ళు మల్లెమొగ్గలు, రంగనాథ్ పళ్ళకు తోబుట్టువులు. ఇంకో పక్క మూడు ఊరివి, అమ్మవి, సుంకమ్మ మనవరాలికి రేపు రాబోయేవి. అంత స్పష్టంగా ఆ గార రంగు ఆమెకే ఎన్నడూ కనపడలేదు, పక్కన తెల్లది ఉంటే తప్ప తెలియలేదు.

"చాలు మేడం," అంది.

"సగం నోరుతో యాడికి పోతావక్కా? పన్ను నొస్తే గదా చెయ్యెత్తమనింది?"

"నొస్తే అన్నావు. పన్నని యాడన్నావు?"

డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది. అప్పుడు కనపడింది ఆ పిల్ల మొహం, అలసిపోయి, చిన్నది. "నువ్వొద్దంటే ఆ పక్క ముట్టుకోను. కానీ ఈ మూడూ నేనింక వెనక్కి తీయలేనక్కా. అరిగింది అరిగినట్టే," అంది.

"పోనీలే తల్లీ. ఆ మూడూ ఆయనవనుకుంటా."

అంది గాని అవి తనవే, పోయినవి తనవే. ఇంకా ఏమేం జరుగుతుందో కూడా తెలుసు. కారెక్కగానే అరుపులు మొదలవుతాయి, కోడుమూరు దాటేలోపల చెయ్యి చేసుకున్నా చేసుకుంటాడు. ఇంకో డాక్టరు దగ్గరికి లాక్కుపోతానంటాడు, పోనీ, అక్కడా ఈ చెయ్యి తనతోనే వస్తుంది. ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంట్లో పెడతాడేమో, కానీ ఊరంతా ఆమె పేరుతో ఫ్లెక్సీలు కట్టించాడు, సర్పంచమ్మ ఏదీ అని ఆఫీసరు అడక్కుండా ఉండడు. అడిగాక ఆ ఆఫీసరు చూస్తాడో చూడడో, చూసినా రాసుకుంటాడో లేదో. అదేమీ ఆమె చేతిలో లేదు. ఆమె చేతిలో ఉన్నది, ఇంతకాలం నవ్వొచ్చినప్పుడల్లా నోటికి అడ్డం పోయిన ఈ చెయ్యి ఒక్కటే.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. రంగనాథ్ ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. "అయిపాయనా? ఏదీ, నవ్వుమ్మే, సూస్తాం."

మహేశ్వరి నవ్వింది. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. ఆయన మొహంలోని నవ్వు సగంలో ఆగిపోయింది, డాక్టరమ్మ వంక చూశాడు, మళ్ళీ ఈమె వంక చూశాడు.

"ఏందిదీ? సగమే చేసి ఇడిచిపెట్టినారేంది?"

"నేనే ఆపమన్నా," అంది మహేశ్వరి. మొద్దుబారిన పెదవులతో మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి, అయినా ఒక్కొక్కటే తెంపి తెంపి చెప్పింది. "రేపు సార్లతో నువ్వే మాట్లాడు మామా, ఎప్పటి మాదిరే. ఊళ్ళో ఫ్లోరైడు లేదని చెప్పు. నేను నీ పక్కన నిలబడి నవ్వుతాంటా."